పన్నెండు అంచులు

ఆ పిల్లను ఇంట్లో అందరూ వసపిట్ట అనేవాళ్ళు. పొద్దున కళ్ళు తెరవకముందే నోరు తెరిచేది. పళ్ళు తోముకుంటూ మాట్లాడేది, అన్నం నములుతూ మాట్లాడేది, నిద్రలో కూడా ఎవరితోనో తగువు పెట్టుకునేది. నానమ్మ విసుక్కుని "నీ నోటికి కాస్త గొళ్ళెం పెట్టవే తల్లీ" అంటే, గొళ్ళెం లోపల్నించి పెడతారా బయట్నించి పెడతారా అని ఇంకో అరగంట సాగేది.

అలాంటి పిల్ల బడి గేటు దాటిందంటే పెదవులు కుట్టేసినట్టు ఉండిపోయేది. ఆ బడిలో అంతా బయటి భాషే. ఇంటి భాషలో ఎవరైనా మాట్లాడితే కొట్టరు, తిట్టరు. వినపడనట్టు మొహం తిప్పుకుంటారు, అంతే. ఏడాది చివర వచ్చిన కార్డులో టీచరు లెక్కలకీ బొమ్మలకీ మంచి మార్కులే వేసి, అడుగు గడిలో "మాట్లాడదు" అని రాసింది. తల్లి ఆ మాట రెండుసార్లు చదివి, వేరే పిల్ల కార్డు తమకి వచ్చిందేమో అని పైన పేరు చూసింది. పేరు తన కూతురిదే.

ఆ సాయంత్రం జడ వేస్తూ అడిగింది. "ఏమ్మా, బళ్ళో ఎందుకు మాట్లాడవు?"

"అక్కడ నా మాటలు ఎవరికీ అక్కర్లేదమ్మా" అంది పిల్ల. ఆ వెంటనే వీధి కుక్కకి ఎన్ని పిల్లలు పుట్టాయో, అందులో ఏది దొంగదో చెప్పుకుపోయింది.

తల్లి చేతిలో దువ్వెన ఆగిపోయింది. పిల్ల ఏడుస్తూ చెప్పి ఉంటే ఊరడించేది. వాన పడుతోంది అని చెప్పినంత మామూలుగా చెప్పింది. అదే ఆమెకి ముల్లులా దిగబడింది.

వాళ్ళది బైండింగ్ షాపు. ముందు గది షాపు, వెనక రెండు గదులు ఇల్లు. ఆమె భర్తని ఆ వీధిలో పేరుపెట్టి పిలిచినవాళ్ళు లేరు, అందరికీ బైండరే. తండ్రి దగ్గర నేర్చుకున్న పని. విడి కాగితాలు ఎక్కడ కనబడినా అతని చేతులు ఊరుకోవు. విడి కాగితాలంటే కప్పులేని ఇల్లు అంటాడు. అత్తగారు జిగురు కాచడం, మడతలు పెట్టడం, అంచుల కోతలో రాలిన పీలికలు మూటకట్టడం చూసుకుంటుంది. కోడలు కుట్టు వేస్తుంది, తయారైన పుస్తకాలు ఆఫీసులకి చేరవేస్తుంది.

అలా ఒక ఆఫీసుకి రిజిస్టర్లు ఇచ్చి వస్తున్న రోజున ఆ కొత్త బడి ఆమె కంటపడింది. పొడవాటి గోడ, గోడ మీద బోర్డు. 'ద్విభాషా అంతర్జాతీయ పాఠశాల' అని రెండు భాషల్లో రాసి ఉంది. బోర్డులు ఎన్నో చూసిందామె. ఒక భాష పెద్దక్షరాల్లో పైన, ఇంకోటి చీమ తలకాయంత కింద. ఇక్కడ రెండూ ఒకే కొలత. బైండింగ్ షాపులో పదేళ్ళు చేసిన కళ్ళు కాబట్టి ఆ సంగతి ముందు కనిపించింది. చంకలో ఖాళీ సంచితో అక్కడే నిలబడి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూసింది. గేటు దగ్గర అడిగితే చెప్పారు: సగం రోజు ఒక భాష, సగం రోజు ఇంకో భాష. ఒక టీచరు ఒక భాషే మాట్లాడుతుంది, పిల్లలు ఏదైనా మాట్లాడొచ్చు. చుట్టుపక్కల పనులు చేసుకునేవాళ్ళ పిల్లలకి ఏటా నాలుగు సీట్లు ఊరికే ఇస్తారు. ఆ నాలుగింటికీ దరఖాస్తు వేరే ఉంటుంది.

ఆ దరఖాస్తు పన్నెండు పేజీలు. దళసరి, మీగడ రంగు కాగితం. తల్లి చదివింది పల్లెటూరి బడిలో, పదో తరగతి వరకు. ఇలాంటి ప్రశ్నలు ఎవరైనా అడుగుతారని ఆమె ఎన్నడూ అనుకోలేదు. మీ ఇంట్లో ఏ భాషలో లెక్కపెడతారు? ఏ భాషలో పాటలు పాడతారు? ఏ భాషలో కోప్పడతారు?

"కోప్పడటానికి భాషెందుకే అమ్మాయ్, నా కళ్ళు చాలవూ?" అంది అత్తగారు జిగురు తిప్పుతూ. కోడలు నవ్వి, ఆ మాటే యథాతథంగా రాసేసింది.

పది మధ్యాహ్నాలు పట్టింది నింపడానికి. ముందు చిత్తు కాగితం మీద రాసి, దిద్ది, తర్వాత మంచి పెన్నుతో ఎక్కించేది. 'మీ బిడ్డ గురించి మీ మాటల్లో' అన్న పేజీ దగ్గర మూడు రోజులు ఆగిపోయింది. చివరికి, బడిలో తన మాటలు ఎవరికీ అక్కర్లేదని పిల్ల అన్న మాట రాసి, కింద ఇంకేమీ రాయకుండా వదిలేసింది. పన్నెండో పేజీలో పిల్ల బొమ్మ వేయాలి. వసపిట్ట షాపు బొమ్మ వేసింది. నాన్నకి నాలుగు చేతులు పెట్టింది.

గడువుకి ముందురోజు కాగితాలన్నీ కవర్లో పెట్టి భర్తకి ఇచ్చింది. "మడతలు పడకుండా ప్రెస్సు బరువు కింద పెట్టండి. రేపు పదకొండింటికి ఇచ్చొస్తాను" అని చెప్పి రిజిస్టర్లు చేరవేయడానికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున అతను చేతులు కడుక్కుని వచ్చి, పెళ్ళికూతురికి చీర అందించినట్టు రెండు చేతులతో ఒక పొట్లం ఆమె చేతిలో పెట్టాడు. గోధుమరంగు కాగితం విప్పితే లోపల పుస్తకం. ముదురు నీలం క్యాలికో గుడ్డ, గుండ్రంగా తిరిగిన వీపు, అట్ట మీద కూతురి పేరు బంగారు అక్షరాల్లో, రెండు భాషల్లోనూ, ఒకే కొలతలో.

"బోర్డు మీద రెండూ సమానంగా ఉన్నాయని చెప్పావుగా" అన్నాడు, ఎటో చూస్తూ.

ఆమె అట్ట మీద ఒకసారి అరచెయ్యి ఆనించి, తెరిచి చూడకుండానే మళ్ళీ పొట్లం కట్టేసింది. పెళ్ళయిన పదేళ్ళలో ఆమె కోసమని అతను కట్టిన మొదటి పుస్తకం అది.

బడి ఆఫీసులో గాజు కిటికీ వెనక ఒకావిడ కూర్చుని ఉంది. ముందు ఇద్దరున్నారు. ఇద్దరివీ క్లిప్పు పెట్టిన విడి కాగితాలే. తల్లి వాళ్ళ చేతుల్లోవి చూసి, తన పొట్లం చూసుకుని కొంచెం గర్వపడింది కూడా.

కిటికీ ఆవిడ పొట్లం విప్పి, కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "ఇదేంటమ్మా, పెళ్ళి ఆల్బమా?"

"దరఖాస్తండీ. మా ఆయన బైండరు."

"బాగుంది. చాలా బాగుంది." ఆవిడ నిజంగానే అంది. పేజీ తిప్పి, పక్కనున్న చిన్న మిషన్ కింద అంచు పెట్టింది. ఎర్రలైటు వెలిగింది. ఇంకో పేజీ పెట్టింది. ఎర్రలైటే. ఆవిడ వంగి అంచు దగ్గరగా చూసి, నిట్టూర్చి, పక్కవాళ్ళ దరఖాస్తు తీసి చూపించింది. ప్రతి పేజీకీ కుడి అంచున సన్నటి నల్లగీతల పట్టీ, దాని కిందే, అదే వరసలో పక్కకి తిరిగి ఎనిమిది అంకెలు. ఒక్కో పేజీకి ఒక్కో నంబరు. పుస్తకంలో ఆ పట్టీ సగానికి తెగి ఉంది. అంకెలు నడుము దగ్గర్నించి లేవు.

అంచులు కోశాడు. కోయకుండా ఎలా ఉంటాడు? అంచులు కోయని పుస్తకం తల దువ్వని మనిషి అంటాడు. గోరు మందమే తీసి ఉంటాడు. ఆ గోరు మందంలోనే ఉన్నాయి అన్నీ.

"నంబరు చదవకపోతే మాకు మీ దరఖాస్తు రానట్టే అమ్మా" అంది కిటికీ ఆవిడ, గొంతు తగ్గించి.

"ఇంకోటి ఇవ్వండి, ఇక్కడే కూర్చుని నింపేస్తాను."

"కొత్త దరఖాస్తులు మేం ఇచ్చే గడువు పోయిన వారమే అయిపోయింది. నేను దాచుకోవడానికి కూడా ఒక్కటి లేదు."

తల్లికి ఏడుపు రాలేదు. కుట్టు వేసేటప్పుడు దారం చిక్కుపడితే ఆమెకి అలవాటు: లాగదు, కోయదు, చిక్కు ఎక్కడ మొదలైందో చూస్తుంది.

"కోసిన ముక్కలు తెచ్చి అతికిస్తే?"

ఆవిడ మిషన్ కేసి చూసింది. "మిషన్ చదివితే చాలు, నాకేం పేచీ లేదు. కానీ సెల్లో టేపు వేయొద్దు, మెరుపుకి చదవదు. గీతకి గీత సరిగ్గా కలవాలి. వెంట్రుక వాసి తేడా వచ్చినా ఎర్రలైటే. నాలుగింటికి ఈ కిటికీ మూసేస్తాను."

గోడ గడియారంలో పదకొండున్నర. తల్లి పుస్తకాన్ని చంకలో పెట్టుకుని బస్సు కోసం పరుగెత్తింది.

షాపులో భర్త భోజనానికి లేస్తున్నాడు. పిల్ల బల్ల కింద కూర్చుని పీలికలతో చాప అల్లుతూ దానికో కథ చెబుతోంది. ఆమె పుస్తకం బల్ల మీద పెట్టి, అంచు చూపించింది. జరిగింది నాలుగు మాటల్లో చెప్పింది. ఒక్క నిష్ఠూరం కూడా ఆడలేదు.

అతను పుస్తకాన్ని వెలుగులోకి తిప్పి అంచు చూశాడు. "నేను... చూడలేదు" అన్నాడు.

"చూడవు మరి!" అంది అత్తగారు లోపలి గదిలోంచి వస్తూ. "పుస్తకం కట్టేవాడు లోపలికి తొంగి చూడకూడదు, ఊళ్ళోవాళ్ళ గుట్టు మనకెందుకు అని మీ నాన్న నేర్పాడు. నిజమే. సొంత పిల్ల కాగితాలక్కూడా అదేనట్రా? చదవకపోతే పోయావు, నల్లగీతలు కంటికి ఆనలేదూ?"

"నల్లగీతలంటే అచ్చాఫీసువాళ్ళు కోత కోసం వేసే గుర్తులనుకున్నానమ్మా. ఎప్పుడూ వాటి మీదే కదా కోసేది."

ఇరవై ఏళ్ళుగా అంచున గీత కనబడితే అక్కడ కోసిన చెయ్యి అది. ఇంకెవరైనా అయితే ఆ తప్పు చేసేవాళ్ళు కాదు. చేద్దామన్నా చేతనయ్యేది కాదు. అత్తగారికి కూడా ఆ మాటతో కోపం దిగిపోయింది. "సరే, తలకి చేతులు పెట్టుకుని కూర్చుంటే అంచులు నడిచిరావు. లే. పీలికలు సంచిలో ఉన్నాయి."

సంచి అంటే చిన్న సంచి కాదు. వారం రోజుల పని పీలికలన్నీ అందులోనే: ఆఫీసు రిజిస్టర్లవి, పిల్లల నోటు పుస్తకాలవి, ఎవరివో పాత నవలలవి. అన్నీ తెలుపే, అన్నీ సన్నమే, చాలావాటి మీద ఏవో గీతలే. అత్తగారు సంచిని నేల మీద బోర్లించింది. కొండలా పడింది. దాని ముందు చతికిలబడి, చేతులు చీర చెంగుతో తుడుచుకుని, కళ్ళు మూసుకుంది.

"ఇదేంటి నానమ్మా, నిద్రపోతున్నావా?" అంది వసపిట్ట.

"ఊరుకోవే. కళ్ళు తెరిస్తే అన్నీ ఒకటే. వేళ్ళకి కాదు."

ముసలావిడకి అక్షరం ముక్క రాదు. సంతకం చేయాల్సి వస్తే వేలిముద్రే. కానీ నలభై ఏళ్ళు కాగితాలు మడిచిన వేళ్ళు అవి. గుప్పెడు పీలికలు తీసుకోవడం, బొటనవేలితో ఒక్కసారి నిమరడం, పక్కకి పడేయడం. "ఇది రిజిస్టరు... ఇదీ రిజిస్టరే... ఇది నవల, పొడిబారింది... ఇది నోటు పుస్తకం, నాసిరకం, వీడి దుంప తెగ..." కోడలు పక్కన కూర్చుని చూస్తోంది. ఆ వేళ్ళు ఆగవు, తడబడవు. ఒకచోట మాత్రం ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ నిమిరాయి. "ఇదిగో. దళసరిగా ఉంది, మీగడలా జారుతోంది. ఇదేనా?"

కోడలు వెలుగులో పెట్టి చూసింది. సన్నటి పీలిక మీద సగం సగం అంకెలు. ఇదే.

పావుగంటలో పదకొండు దొరికాయి. పన్నెండోది దొరకలేదు. కొండంతా రెండోసారి కలియబెట్టారు. అప్పుడు వసపిట్ట బల్ల కింద నించి తన చాప తెచ్చి, "ఇందులో మీగడలా ఉన్నది ఒకటుంది. కానీ నా చాప పాడు చేయొద్దు" అంది. నానమ్మ నిమిరి చూసింది. "ఓసి దొంగమొహమా!" అంది. పిల్ల చాప విప్పడానికి ఒప్పుకుంది గానీ, ఎలా అల్లిందో మొత్తం చెప్పేదాకా విప్పనివ్వలేదు.

ఇటు అతను పుస్తకం విప్పుతున్నాడు. "ఇలా ఇవ్వండి, కుట్టు నేను తీస్తాను" అని ఆమె చెయ్యి చాపింది. అతను తల అడ్డంగా ఊపాడు. కట్టినవాడే విప్పాలన్నట్టు కూర్చున్నాడు. బంగారు అక్షరాల అట్టని కత్తితో వేరు చేసేటప్పుడు అతని దవడ బిగుసుకోవడం ఆమె చూసింది. ఒక్కో దారం తెంపి, లాగి, పన్నెండు కాగితాలూ మళ్ళీ విడి కాగితాలు చేశాడు. ఎక్కడా చిరుగు లేదు. ఒక పనిని ఇంత శ్రద్ధగా పాడుచేయడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఏ పీలిక ఏ పేజీదో తేల్చే పని వసపిట్టది. అంకెలు నడుముకి తెగి ఉన్నాయి కాబట్టి, పైసగానికి కిందిసగం వెతకాలి. "నాన్నా, ఈ ఏడుకి కాలు లేదు. ఇదిగో దాని కాలు. ఇది మూడు కాదు, ఎనిమిదే, పొట్ట చూడు ఎంత లావో. అమ్మా, ఈ సున్నా రెండు గిన్నెలైపోయింది..." నోరు ఆడుతూనే ఉంది, చేతులు తప్పు చేయలేదు. ఒక్కచోట తండ్రి "ఇది అయిదో పేజీది కాదేమో" అంటే, "తొమ్మిదికి ఎడమపక్క చుక్క ఉంది, చూడు" అంది. ఉంది. అచ్చులో పడ్డ మరక, ఆవగింజలో సగం.

'ఈ పిల్లా మాట్లాడనిది' అనుకుంది తల్లి.

అత్తగారు జిగురు నీళ్ళలా పలచన చేసింది. ఉల్లిపొరలాంటి సన్న కాగితం దారం వెడల్పున చించింది. కత్తిరిస్తే అంచు తెలుస్తుంది, చించితే కాగితంలో కలిసిపోతుంది. అతను కింద దీపమున్న గాజు పలక మీద పేజీని బోర్లించి, పీలికని అంచుకి ఆనించి, ఊపిరి బిగబట్టి జరిపాడు. గీతకి గీత. ఒంటె వెంట్రుకల కుంచెతో జిగురు రాసి, పొర పరిచి, మీద పీల్చుకాగితం వేసి అరచేత్తో నొక్కాడు. పదేళ్ళుగా పక్కన కూర్చుని కుట్టు వేస్తున్నా, ఆ చేతుల్ని ఆమె ఇలా కూర్చుని చూసింది లేదు. ఎప్పుడూ తన పని తనకుండేది. మోటు చేతులు, గోళ్ళ సందుల్లో ఎండిన జిగురు. అవి ఆ పీలిక దగ్గరికి వచ్చేసరికి ఈక కంటే తేలికైపోతున్నాయి. పిల్ల నాలుగు చేతులు ఊరికే వేయలేదు.

ఒక్కో పేజీకి ఏడెనిమిది నిమిషాలు. అన్నం చల్లారిపోయింది, ఎవరూ లేవలేదు. రెండుంపావుకి పన్నెండూ ప్రెస్సులోకి వెళ్ళాయి. మూడింటికి తీశారు.

"ఆరాయా?" అంది అత్తగారు.

అతను కాగితాన్ని చెంపకి ఆనించి చూసుకున్నాడు. చెమ్మ ఉంటే చెంపకి చల్లగా తెలుస్తుంది. "ఆరాయి" అన్నాడు. తర్వాత చాలా నెమ్మదిగా, "క్లిప్పు పెట్టి పట్టుకెళ్ళు" అన్నాడు. ఆ మాట అనడానికి అతనికెంత కష్టమైందో ఆమెకే తెలుసు.

కిటికీ మూయడానికి పావుగంట ఉందనగా తల్లి బడికి చేరింది. కిటికీ ఆవిడ ఏమీ అడగకుండా మొదటి పేజీ మిషన్ కింద పెట్టింది. పచ్చలైటు. రెండోది పచ్చ. మూడోది పచ్చ. తొమ్మిదో పేజీకి ఎర్రలైటు వెలిగింది. తల్లి కిటికీ అంచు గట్టిగా పట్టుకుంది. ఆవిడ మిషన్ గాజుని కొంగుతో తుడిచి, కాగితాన్ని తలకిందులు చేసి మళ్ళీ పెట్టింది. పచ్చ. పన్నెండూ అయ్యాక ఆవిడ ఒక పేజీ తీసి కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంది. అంచు వెంట వేలు పెట్టి జరిపింది, గోరుతో గీకి చూసింది.

"అతుకు ఎక్కడుందమ్మా?"

తల్లి చూపించింది. ఆవిడకి అప్పటికీ కనబడలేదు. "మీ ఆయనకి నా తరఫున ఒక దణ్ణం చెప్పు. వచ్చే బుధవారం పదింటికి పిల్లని తీసుకురా. టీచర్లు మాట్లాడతారు."

గండం ఒకటి గడిచింది, అసలుది మిగిలే ఉంది. మాట్లాడతారు. పిల్ల మాట్లాడాలి కదా.

బుధవారం దాకా ఇంట్లో ఎవరూ పిల్లకి ఏమీ నూరిపోయలేదు. తల్లే వద్దంది. చిలకలా నేర్పిన మాటలు అక్కడ గొంతులో అడ్డం పడతాయని ఆమె భయం. అత్తగారు మాత్రం గుమ్మం దగ్గర "అక్కడ కూడా ఇక్కడిలాగే ప్రాణం తియ్యవే తల్లీ" అని సాగనంపింది.

గదిలో చిన్న బల్ల, చిన్న కుర్చీలు. ఇద్దరు టీచర్లు. కళ్ళజోడు టీచరు ఇంటి భాషలోనే మాట్లాడుతుంది, పొట్టిజుట్టు టీచరు బయటి భాషలోనే. తల్లి వెనక గోడవారగా కూర్చోవచ్చు, నోరు విప్పకూడదు. మోకాళ్ళు గడ్డానికి తగిలే పిల్లల కుర్చీలో ముడుచుకుని కూర్చుంది.

కళ్ళజోడు టీచరు వసపిట్ట వేసిన బొమ్మ బల్ల మీద పెట్టింది. "ఇది ఎవరమ్మా? నాలుగు చేతులున్నాయే!"

పిల్ల బొమ్మని చూసింది. టీచర్ని చూసింది. పెదవులు లోపలికి మడుచుకుంది.

పొట్టిజుట్టు టీచరు బయటి భాషలో రంగుల గురించి అడిగింది. కుక్కల గురించి అడిగింది. వీధి కుక్కకి ఆరు పిల్లలున్నాయని, అందులో ఒకటి దొంగదని తల్లికి తెలుసు. చెప్పు, చెప్పవే అని మనసులో అనుకుంది. పిల్ల తన చెప్పులకేసి చూసుకుంటోంది. అయిదు నిమిషాలు. పది. టీచర్లు విసుక్కోలేదు, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోనూ లేదు. అది చూసి తల్లికి ఇంకా బాధేసింది. ఇంత మంచివాళ్ళ దగ్గర కూడానా?

పొట్టిజుట్టు టీచరు లేచి మూలనున్న అట్టపెట్టె తెరిచింది. కొత్త పాఠ్యపుస్తకాలు, అచ్చాఫీసు నించి అప్పుడే దిగినవి. రంగు వాసన గదంతా పాకింది. ఒకటి తెచ్చి, బొమ్మ చూపిద్దామని సరిగ్గా నడిమధ్యకి విప్పి, అరచేత్తో బల్లకేసి అదిమింది. పుటుక్కుమంది.

"అయ్యయ్యో!" పిల్ల కుర్చీలోంచి దూకింది. "అలా విరవకండి! దాని వీపు విరిగిపోతుంది!"

ముడుచుకున్న తల్లి నిటారుగా కూర్చుంది.

పొట్టిజుట్టు టీచరు చేతులు వెనక్కి తీసుకుంది. తన భాషలోనే అడిగింది, మరి ఎలా విప్పాలి అని. పిల్ల తిన్నగా పెట్టె దగ్గరికి వెళ్ళి ఇంకో పుస్తకం తెచ్చి, బల్ల మీద వీపు ఆనేలా నిలబెట్టింది. ముందు అట్ట వాల్చింది, వెనక అట్ట వాల్చింది. ముందునించి నాలుగు కాగితాలు తీసి బొటనవేలితో వీపు దగ్గర సాపు చేసింది. వెనకనించి నాలుగు. మళ్ళీ ముందు, మళ్ళీ వెనక. నడుమకి వచ్చేసరికి పుస్తకం ఏ చప్పుడూ లేకుండా, పిల్లి పడుకున్నట్టు చదునుగా విచ్చుకుంది. చేస్తూ చేస్తూ 'ముందు', 'వెనక' అన్న మాటలు బయటి భాషలో తనలో తనే గొణుక్కుంది. ఆ రెండూ ఆ పాత బడిలో వరసల్లో నిలబెట్టేటప్పుడు విన్నవే.

ఎందుకలా అని అడిగింది టీచరు.

పిల్ల నోరు తెరిచింది. ఆ భాషలో దానికి మాటల్లేవు. తల్లికి తెలుసు, ఇదిగో ఇక్కడే ఆగిపోతుంది. కానీ పిల్ల గిరుక్కున కళ్ళజోడు టీచరు వైపు తిరిగింది.

"జిగురు కొత్తది కదండీ, దానికింకా ఒంగడం రాదు. ఒక్కసారి లాగితే విరిగిపోతుంది. మెల్లమెల్లగా అలవాటు చెయ్యాలి. ఆవిడకి చెప్పండి."

"నేనెందుకు చెప్పాలి, నువ్వు చెప్పు" అంది కళ్ళజోడు టీచరు. "రాని మాట ఏదైనా ఉంటే నన్నడుగు, ఇస్తాను."

పిల్ల అనుమానంగా చూసింది. "జిగురుని ఏమంటారు?"

టీచరు చెప్పింది.

"ఒంగడాన్ని?"

అదీ చెప్పింది. వసపిట్ట రెండు మాటలూ పెదవుల మీద అటూఇటూ దొర్లించి, పొట్టిజుట్టు టీచరు వైపు తిరిగి, వచ్చిన మాటలూ అప్పుడే పుచ్చుకున్న మాటలూ కలిపి, చేతులు తిప్పుతూ చెప్పేసింది. సరిగ్గా చెప్పిందో లేదో తల్లికి తెలియదు. టీచరు మాత్రం బుద్ధిగా తల ఊపి, తను విరిచిన పుస్తకాన్ని తీసి పిల్ల చేతిలో పెట్టింది, దీనికేమైనా వైద్యం ఉందా అన్నట్టు. పిల్ల వీపు నిమిరి చూసి పెదవి విరిచింది. "దీన్ని మా నాన్నకి చూపించాలి" అని ఇంటి భాషలో మొదలుపెట్టి, నాన్న ఏం చేస్తాడో, నానమ్మ జిగురు ఎలా కాస్తుందో, బొమ్మలో నాలుగు చేతులు ఎందుకున్నాయో ఒకదాని వెనక ఒకటి చెప్పుకుపోయింది. మధ్యలో మాట తక్కువైనప్పుడల్లా ఇటు తిరిగి చెయ్యి చాపడం, మాట తీసుకోవడం, అటు ఇవ్వడం. గోడవారన కూర్చున్న తల్లి కళ్ళు ఆర్పకుండా చూసింది. గదిలో ఇద్దరు పెద్దవాళ్ళు. ఆ ఇద్దరికీ తన కూతురి మాటలు కావాలి.

అరగంట తర్వాత కళ్ళజోడు టీచరు లేచి తల్లి దగ్గరికి వచ్చింది. చేతిలో దరఖాస్తు, ఏడో పేజీ పైకి ఉంది. 'మీ మాటల్లో' అన్న పేజీ. టీచరు ఆ ఒక్క వాక్యం మీద వేలుంచింది.

"ఇది చదివి నేను ఆ రోజంతా ఇంకో దరఖాస్తు తీయలేకపోయాను" అంది. "చూడాలనిపించింది. చూశాను. నాలుగు సీట్లలో ఒకటి మీ అమ్మాయిది. కాగితం ఇంటికి వస్తుంది. ఒకటో తారీఖు ఎనిమిదింటికి తీసుకురండి."

తల్లి లేచి నిలబడింది. దణ్ణం పెట్టబోతే టీచరు చేతులు పట్టుకుంది. చివరికి ఆమె నోటివెంట వచ్చింది ఇదొక్కటే: "ఇంక దీన్ని ఆపడం మీ వల్ల కాదండీ."

"తీసుకెళ్ళండి మరి, ఇంటికి" అంది టీచరు నవ్వి.

వసపిట్ట కదల్లేదు. అట్టపెట్టె బల్ల పక్కకి లాగించుకుంది. ఒక్కో పుస్తకం తీసి, నిలబెట్టి, ముందు, వెనక, ముందు, వెనక. పొట్టిజుట్టు టీచరు కూడా పక్కన కూర్చుని అలాగే చేస్తోంది.

"పద తల్లీ, బస్సు వెళ్ళిపోతుంది."

"ఇంకా పదిహేను ఉన్నాయమ్మా. కొన్నిటికి చేసి కొన్నిటికి చేయకపోతే ఏం బాగుంటుంది?"

ఏం బాగుంటుంది? తల్లి సంచి కింద పెట్టి, ఆ చిన్న కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకుని, పెట్టెలోంచి ఒక పుస్తకం తీసుకుంది.